కారు కిటికీలోంచి వచ్చే పానా

జూలైలో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు రేసు చూసేవాళ్లకి ఈ దృశ్యం బాగా తెలుసు. అక్కడ మధ్యాహ్నం, మనకి సాయంత్రం దాటి చీకటి పడే వేళ. ఒక రైడరు గుంపు వెనక్కి జారి చెయ్యెత్తుతాడు. అతని జట్టు కారు పక్కకి వస్తుంది. వెనక కిటికీలోంచి మెకానిక్ నడుము దాకా బయటికి వంగుతాడు. ఒక చేత్తో సీటు కింది గొట్టం పట్టుకుంటాడు, రెండో చేత్తో ఎలెన్ కీ, అంటే ఆరు పలకల మొనతో బోల్టు తిప్పే చిన్న ఇనుప కడ్డీ, తిప్పుతుంటాడు. రైడరు చెయ్యి కారు తలుపు మీద ఉంటుంది. రోడ్డు పక్క చెట్లు గంటకి 45 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతుంటాయి. పది సెకన్లో పదిహేను సెకన్లో అలా గడుస్తాయి. ఆఖర్న మెకానిక్ సీటుని ముందుకి ఒక్క తోపు తోస్తాడు, రైడరు కారుని దాటుకుని వెళ్లిపోతాడు.

మొదటిసారి చూసినవాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఆ బోల్టేదో సైకిలు ఆపి బిగించుకోవచ్చు కదా? రెండోది, కారు పట్టుకుని వెళ్లడం మోసం కాదా?

రెండూ సరైన ప్రశ్నలే. రూలు పుస్తకం కూడా ఈ ప్రశ్నలు అడిగినవాళ్ల పక్షానే ఉంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధన ప్రకారం, రైడరు రేసులో ఏ స్థానంలో ఉన్నా మెకానిక్ సాయం తన గుంపు వెనక మాత్రమే తీసుకోవాలి, అది కూడా ఆగి తీసుకోవాలి. కదిలే వాహనంలోంచి చైనుకి నూనె వెయ్యకూడదని విడిగా రాశారు. కారులో ఉన్నవాళ్లు కిటికీలోంచి బయటికి వంగకూడదని కూడా ఉంది. మరి టీవీలో, ప్రపంచమంతా చూస్తుండగా, రేసు అంపైర్ల మోటార్‌సైకిలు పక్కనే ఉండగా ఇదెలా జరుగుతోంది? అంపైర్లని అక్కడ కమిసేర్లు అంటారు. వాళ్లు చూస్తారు, చాలాసార్లు ఊరుకుంటారు, కొన్నిసార్లు జరిమానా వేస్తారు, ఎప్పుడో ఒకసారి ఏకంగా రేసులోంచి పంపేస్తారు. ఈ మూడింటికీ తేడా ఎక్కడుందో తెలిస్తే ఈ ఆటలో సగం అర్థమైనట్టే.

ఆగితే ఎంత పోతుంది

ముందు లెక్క చూద్దాం. గుంపు గంటకి 45 కిలోమీటర్ల వేగంతో పోతోంది, అంటే సెకనుకి పన్నెండున్నర మీటర్లు. రైడరు ఆగి, సీటు సరిచేయించుకుని, మళ్లీ ఎక్కేసరికి 30 సెకన్లు పట్టిందనుకుందాం. ఈలోపు గుంపు 375 మీటర్లు ముందుకి పోయింది. దాన్ని అందుకోవాలంటే అతను 55 వేగంతో తొక్కాలి. అలా తొక్కినా రెండుంపావు నిమిషాలు పడుతుంది.

రెండుంపావు నిమిషాలు పెద్ద విషయమా అనిపిస్తుంది. కానీ గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన శక్తి వేగంతో పాటు కాదు, వేగం ఘనంతో పెరుగుతుంది. 45 నుంచి 55కి వెళ్తే గాలికే దాదాపు 80 శాతం ఎక్కువ శక్తి పెట్టాలి. పైగా గుంపులో ఉన్నప్పుడు అతను ఆ గాలిని అసలు మొయ్యలేదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లోకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపుని లెక్కగట్టి చూసింది. గుంపు లోపల, వెనక భాగంలో ఉన్న రైడరు మీద గాలి ఒత్తిడి, ఒంటరిగా అదే వేగంతో వెళ్లేవాడి మీద ఉండేదాంట్లో 5 నుంచి 10 శాతమే అని తేలింది. గుంపు మధ్యలో ఉండడమంటే ఒకరకంగా పెద్ద లారీ వెనక వెళ్లడమే. అందులోంచి జారిన మనిషి ఉన్నపళంగా ఎదురుగాలిలో పడతాడు. అయిదు గంటల రేసులో ఆ రెండు నిమిషాలు కాళ్లలో మిగుల్చుకున్నది తినేస్తాయి. దాని ఫలితం ఆ క్షణంలో కనపడదు, గంట తర్వాత చివరి కొండ మీద కనపడుతుంది.

అందుకే, తొక్కగలిగే స్థితిలో ఉన్న రైడరు ఎవరూ ఆగడానికి ఇష్టపడరు. టైరు పంక్చరైతే చేసేదేమీ లేదు, ఆగాల్సిందే. సీటు రెండు మిల్లీమీటర్లు దిగితే, బ్రేకు రాసుకుంటుంటే, గేరు దూకుతుంటే మాత్రం కారు దగ్గరికి వెళ్లి తొక్కుతూ తొక్కుతూనే చూపించుకుంటారు.

కార్ల వరస

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. నా దృష్టిలో అసలు అన్యాయం ఉన్నది ఇక్కడే.

జట్టు కార్లన్నీ గుంపు వెనక ఒక వరసలో వస్తాయి. ఆ వరస ఇష్టం వచ్చినట్టు ఉండదు. చాలా రోజుల రేసుల్లో మొత్తం సమయాన్ని బట్టి ఎవరి జట్టులో పైస్థానంలో ఉన్న రైడరున్నాడో ఆ జట్టు కారు ముందు. టూర్‌లో 22, 23 జట్లు ఉంటాయి. మొత్తం సమయంలో అందరికంటే ముందున్నవాడు వేసుకునేది పసుపు జెర్సీ, అతని కారు గుంపుకి దగ్గర్లో ఉంటుంది. మంచి స్థానంలో ఎవరూ లేని చిన్న జట్టు కారు ఎక్కడో ఇరవయ్యో నంబరు.

కారుకి కారుకి మధ్య ఖాళీతో కలిపి ఇరవై మీటర్లనుకున్నా, ఇరవయ్యో కారు 400 మీటర్ల వెనక ఉంటుంది. 45 వేగంలో అది రైడరు ఆగిన చోటికి చేరడానికే 32 సెకన్లు. రెండో కారుకి మూడు నాలుగు సెకన్లు. అంటే ఒకే రకం పంక్చరు ఒకరికి పావు నిమిషం నష్టం, ఇంకొకరికి ముప్పావు నిమిషం నష్టం. సందు రోడ్లలో, కొండ దిగుడులో, కార్లు ఒకదాన్నొకటి దాటలేని చోట ఇంకా ఎక్కువ. ఉన్నవాడికే ఇంకా అందడం అంటే ఇదే.

దీనికి విరుగుడుగా తటస్థ సేవ కార్లు ఉంటాయి. ఏ జట్టుకీ చెందకుండా, ఎవరికి కావాలంటే వాళ్లకి చక్రమో సైకిలో ఇస్తాయి. టూర్‌లో 2020 దాకా మావిక్ కంపెనీ పసుపు కార్లు తిరిగేవి, 2021 నుంచి షిమానో నీలం కార్లు తిరుగుతున్నాయి. ఆ సాయానికీ ఒక హద్దుంది. 2016 జూలై 14న మో వెంటూ కొండ మీద జనం రోడ్డు మీదికి రావడంతో ఒక మోటార్‌సైకిలు ఆగిపోయింది, రిచీ పోర్ట్, బౌకే మొలేమా, క్రిస్ ఫ్రూమ్ దాన్ని గుద్దుకున్నారు. ఫ్రూమ్ సైకిలు విరిగింది. జట్టు కారు జనం వెనక ఇరుక్కుపోయింది. పసుపు జెర్సీలో ఉన్న ఫ్రూమ్ సైకిల్ షూలతో కొండ మీద పరిగెత్తాడు. తర్వాత దొరికిన తటస్థ సైకిలు అతని కొలతకి చాలా చిన్నది. దాని మీద కాసేపు తిప్పలు పడి, చివరికి సొంత జట్టు సైకిలు వచ్చాక దానికి మారాడు. ఆ తర్వాతి ఏడాది మావిక్ తన టూర్ సైకిళ్లకి మీట నొక్కితే సీటు ఎత్తు మారే గొట్టాలు పెట్టింది. పొడుగువాడికైనా పొట్టివాడికైనా రోడ్డు మీదే సర్దుకునేలా. సీటు సర్దుబాటు ఎంత ముఖ్యమో ఆ కంపెనీకి తెలుసు.

రెండు మిల్లీమీటర్ల సంగతి

సీటు ఎత్తు గురించి అంత పట్టింపు దేనికని అడిగేవాళ్లుంటారు. నిమిషానికి 90 చుట్లు చొప్పున అయిదు గంటలు తొక్కితే ఒక్కో కాలు 27,000 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ మోకాలు అదే కోణంలో మడవాలి, అదే కోణంలో సాగాలి. ఏళ్ల తరబడి ఒకే కొలతకి అలవాటు పడిన మోకాలికి అయిదు మిల్లీమీటర్ల తేడా కూడా పరాయిదే.

నాకిది సొంత అనుభవం. ఒకసారి శంకర్‌పల్లి వైపు పొద్దున్నే 80 కిలోమీటర్ల రైడ్‌కి వెళ్లినప్పుడు సీటు గొట్టం మెల్లగా దిగడం మొదలుపెట్టింది. దిగుతున్నట్టు తెలియలేదు. ఎడమ మోకాలు చిప్ప కింద సూది గుచ్చినట్టు నొప్పి వచ్చాక ఆగి చూస్తే, గొట్టం మీద నేను అంటించుకున్న టేపు గుర్తు కనపడకుండా లోపలికి పోయింది. సెంటీమీటరు పైనే దిగింది. రోడ్డు పక్క పంక్చర్ షాపాయన దగ్గర అన్ని సైజుల పానాలున్నాయి గానీ ఎలెన్ కీ లేదు. ఆయన నన్ను కూర్చోమని, ఎదురుగా ఉన్న మంచాలు, కుర్చీలు బిగించే షాపులోంచి ఒకటి తెచ్చిచ్చాడు. బిగించడానికి అర నిమిషం పట్టింది. మోకాలి నొప్పి మూడు రోజులుంది. సరదాగా తొక్కే నా మోకాలికే అంత తెలిసింది. రోజుకి సగటున 160 కిలోమీటర్లు, అలా 21 రోజులు తొక్కేవాళ్ల మాట ఏం చెప్పాలి.

ఎడీ మెర్క్స్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. టూర్‌ని అయిదుసార్లు గెలిచిన బెల్జియం రైడరు. 1969 సెప్టెంబరులో బ్లువా పట్టణంలో ట్రాకు మీద జరిగిన ప్రమాదంలో అతనికి గాలి అడ్డుగా ముందు మోటారు బండి నడుపుతున్న ఫెర్నాన్ వాంబ్స్ట్ చనిపోయాడు, మెర్క్స్ కటి భాగం దెబ్బతింది. ఆ తర్వాత సైకిలు మీద నొప్పి లేకుండా కూర్చున్న రోజు లేదని అతనే చెప్పుకున్నాడు. జేబులో ఎలెన్ కీ పెట్టుకుని, రేసు మధ్యలో, కదులుతున్న సైకిలు మీదే సీటు కొంచెం ఎత్తేవాడు, కొంచెం దించేవాడు. అప్పట్లో కారు అక్కర్లేకుండా తన పని తనే చేసుకున్న మెకానిక్ అతను. రూలు ప్రకారం ఎవరూ తప్పుపట్టలేని పని అది.

సాగన్ కూడా అలాగే చేశాడు. 2018 పారి-రూబే రేసులో, రాళ్లు పరిచిన దారుల మీద, పీటర్ సాగన్ సైకిలు హ్యాండిల్ వదులైంది. సైకిలు ఆపకుండానే తనే బిగించుకున్నాడు, ఆ రేసు గెలిచాడు. హ్యాండిల్ వదులైతే ఏమవుతుందో అదే రేసులో 2006లో జార్జ్ హింకపీకి తెలిసింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నుంచి హ్యాండిల్‌కి వచ్చే గొట్టం విరిగి, హ్యాండిల్ చేతికి ఊడొచ్చి, నేల మీద పడ్డాడు. కాబట్టి పడిలేచిన రైడరు కారు దగ్గరికి వచ్చి ఒకసారి చూడమంటే దాన్ని వంకగా తీసిపారెయ్యడం తప్పు.

ఏది నిజం పని, ఏది సాకు

అయితే కదులుతూ ఏ పని చెయ్యగలం, ఏది చెయ్యలేం? ఇది తెలిస్తే టీవీ ముందు కూర్చుని కూడా చాలావరకు పోల్చుకోవచ్చు.

సీటు బోల్టు బిగించగలం. రైడరు కొంచెం పైకి లేవాలి, మెకానిక్ ఒక చేత్తో గొట్టాన్ని పట్టుకుని రెండో చేత్తో తిప్పాలి. పది సెకన్లు పడుతుంది. పాత రోజుల్లో తీగతో నడిచే గేర్లకి వెనక ఒక చిన్న గుండీ ఉండేది. దాన్ని పావు చుట్టు తిప్పితే చైను దూకడం ఆగిపోయేది. దాన్నీ కదులుతూ చేసేవాళ్లు, వేలు చక్రం పుల్లలకి రెండంగుళాల దూరంలో పెట్టి. రిమ్ము బ్రేకులున్నప్పుడు పక్కకి ఒరిగిన బ్రేకుని ఒక్క తట్టుతో మధ్యకి తెచ్చేవాళ్లు.

ఇప్పటి సైకిళ్లలో ఈ పనుల్లో చాలా భాగం పోయాయి. షిమానో ఎలక్ట్రానిక్ గేర్లు వచ్చి పదిహేనేళ్లు దాటింది. గేరు దూకుతుంటే రైడరే ఒక మీట నొక్కి పట్టుకుని, హ్యాండిల్ మీది బటన్లతో దాన్ని రవ్వంత ఇటు, రవ్వంత అటు జరుపుకోవచ్చు. పడినప్పుడు గేరు యంత్రం దెబ్బ తినకుండా తనంతట తనే మోటారుని విడదీసుకుంటుంది. మళ్లీ పనిచేయించడానికి అదే మీట కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలు. ఇందులో దేనికీ పానా అక్కర్లేదు. డిస్కు బ్రేకులని 2018 జూలై నుంచి యూసీఐ పూర్తిగా అనుమతించింది. డిస్కు రాసుకుంటుంటే కదులుతూ సరిచెయ్యడం దాదాపు కుదరని పని. తిరుగుతున్న ఆ పళ్లెం దగ్గరికి ఏ మెకానిక్కూ వేలు పెట్టడు. చక్రం మార్చడానికి ఇరుసుని మర తిప్పి బయటికి లాగాలి కాబట్టి పాతకాలపు పద్ధతి కంటే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే చిన్న సమస్యకి కూడా సైకిలే మార్చేస్తున్నారు. కారు పైన నాయకుడి సైకిలు చేతికి తొందరగా అందే చోట పెట్టుకోవడం అందుకే.

కాబట్టి ఈ రోజుల్లో వెనక గేరు దగ్గర పానా పట్టుకుని ఊరికే తచ్చాడే చేతిని చూస్తే నాకు అనుమానం వస్తుంది. సైకిలు మార్చిన అయిదు నిమిషాలకి వచ్చి సీటు సర్దించుకుంటుంటే అనుమానం రాదు. రెండు సైకిళ్లనీ ఒకే కొలతకి బిగించినా, వాడి వాడి నలిగిన సీటు కంటే కొత్త సీటు కొంచెం ఎత్తుగా తగులుతుంది. అది నిజంగానే ఇబ్బంది.

ఇంగ్లీషు వ్యాఖ్యాతలు ఈ సాకుకి పెట్టుకున్న పేరు మ్యాజిక్ స్పానర్. మాయ పానా అనుకోవచ్చు. దాని తోబుట్టువు స్టికీ బాటిల్. కారులోంచి నీళ్ల సీసా అందిస్తారు. ఇచ్చే చెయ్యి వదలదు, పుచ్చుకునే చెయ్యీ వదలదు, సీసాకి జిగురు పూసినట్టు రెండు మూడు సెకన్లు కారు వేగం మనిషికి అందుతుంది.

ఆ తోపు విలువ ఎంత? సైకిలుతో కలిపి 78 కిలోల బరువుని 45 వేగం నుంచి 55కి తేవడానికి దాదాపు 3,000 జౌళ్ల శక్తి కావాలి. మంచి రైడరు 300 వాట్ల చొప్పున పది సెకన్లు తొక్కితే వచ్చేది అంత. మైదానంలో ఇది చిన్న సాయం. కొండ మీద సంగతి వేరు. 8 శాతం వాలు మీద 20 వేగంతో ఎక్కాలంటే గురుత్వాకర్షణకే 340 వాట్లు పోతాయి. అక్కడ పదిహేను సెకన్లు కారు పట్టుకున్నవాడు ఆ 340 వాట్ల పని చెయ్యకుండా పైకి వెళ్తాడు, పైగా ఊపిరి తీసుకుంటాడు. మెకానిక్ చేతిలో పానా ఉన్నా లేకపోయినా, కొండ మీద సాయాన్ని నేను మరమ్మతుగా ఒప్పుకోలేను.

శిక్ష ఎప్పుడు పడుతుంది

2015 ఆగస్టు 23న, స్పెయిన్‌లో మూడు వారాలు జరిగే వుయెల్టా ఎ ఎస్పాన్యా రేసు రెండో రోజు. అంతకుముందు ఏడాది టూర్ గెలిచిన విన్సెంజో నిబలి ఒక గుంపు ప్రమాదం వల్ల వెనకబడ్డాడు. మరి కొందరితో కలిసి ముందు గుంపుని తరుముతున్నాడు. జట్టు కారు పక్కకి వచ్చింది. అతను దాన్ని పట్టుకున్నాడు, కారు వేగం పెంచింది. హెలికాప్టర్ కెమెరాలో అంతా స్పష్టంగా పడింది. అప్పటిదాకా పక్కన ఉన్న రైడర్లు కొన్ని సెకన్లలో చుక్కల్లా వెనక మిగిలిపోయారు. ఆ సాయంత్రమే నిబలిని రేసులోంచి పంపేశారు, కారు నడిపిన జట్టు డైరెక్టర్ అలెగ్జాండర్ షెఫర్‌ని కూడా. 2017 పారీ-నీస్ రేసు మొదటి రోజున రొమాఁ బార్దేకి ఇలాగే జరిగింది. అదే ఏడాది బెర్గెన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జాన్నీ మోస్కోన్ ఫలితం ఇదే కారణంతో రద్దైంది.

ఈ ముగ్గురి విషయంలో వీడియో ఉంది. వీడియో లేనప్పుడు ఏమవుతుందో 2016 మిలాన్-సాన్ రెమో రేసు చూపిస్తుంది. గెలిచిన ఆర్నో దెమార్ చిప్రెస్సా కొండ మీద కారు పట్టుకున్నాడని ఇద్దరు తోటి రైడర్లు ఆరోపించారు. అతను కాదన్నాడు. రుజువేదీ బయటికి రాలేదు, గెలుపు అలాగే నిలిచింది. చూసిన కన్ను లేకుండా శిక్ష వెయ్యకపోవడమే న్యాయం. 200 కిలోమీటర్ల పొడుగున పరుచుకున్న మైదానంలో అన్ని చోట్లా కన్ను ఉండదు, అది కూడా నిజమే.

ఇక మామూలు రోజుల్లో, సాయంత్రం కమిసేర్లు విడుదల చేసే ప్రకటనలో స్విస్ ఫ్రాంకుల్లో జరిమానాలుంటాయి. సీసా ఎక్కువసేపు పట్టుకున్నందుకు, కారు వెనక గాలి నీడలో వచ్చినందుకు. 2025 నుంచి పసుపు కార్డులు కూడా అమల్లోకి వచ్చాయి. ఒకే రేసులో రెండు పడితే ఇంటికి పంపి, ఏడు రోజులు దూరం పెడతారు. ప్రమాదం తెచ్చే ప్రవర్తనని ఆపడం వాటి ముఖ్య ఉద్దేశం. ఆ కార్డులు రైడర్లకే కాదు, కారు నడిపే డైరెక్టర్లకీ పడొచ్చు. అది మంచి పని. కిటికీలోంచి వేలాడే మెకానిక్ కూడా ఎవరో ఒకరి కొడుకో తండ్రో. ముందు కారు ఒక్కసారి బ్రేకు వేస్తే అతనికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అలసినవాడా, దెబ్బ తిన్నవాడా

రేసు ఎన్నో ఏళ్లు చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, కమిసేరు కళ్లు పానా మీద ఉండవు. ఈ మనిషి వెనక ఎందుకున్నాడు అన్నదే ఆయన చూస్తాడు. పడ్డాడా, పంక్చరయ్యిందా, సైకిలు పాడయ్యిందా? అయితే కార్ల వరస మధ్యలోంచి, ఒక బంపరు వెనకనుంచి ఇంకో బంపరు వెనకకి, గాలి నీడలో గుంపుని చేరుకోవడానికి మౌనంగా ఒప్పుకుంటారు. తన తప్పు లేకుండా పోయిన సమయాన్ని కొంతైనా తిరిగి ఇవ్వడం అది. పక్కన కారులోంచి సీటు బిగించుకోవడమూ అందులో భాగంగానే చూస్తారు. కాళ్లలో బలం అయిపోయి వెనకబడ్డాడా? అప్పుడు అదే గాలి నీడ, అదే చెయ్యి నేరం.

ఇది పుస్తకంలో ఉన్న గీత కాదు, మనుషులు గీసుకున్న గీత. నేను దాన్ని సమర్థిస్తాను. రూలుని అక్షరాలా అమలు చేసి అందరినీ ఆగమంటే నష్టం అందరికీ సమానంగా ఉండదు, ఇరవయ్యో కారువాడే ఎక్కువ మునుగుతాడు. తొక్కగలిగినవాడు తనే వెనక్కి జారి తన కారుని చేరి, తొక్కుతూనే పని చేయించుకుని తిరిగి రావడం ఆ తేడాని కొంత పూడుస్తుంది. నిబలి కూడా ప్రమాదంలో చిక్కుకున్నవాడే. కానీ తోడు ఉన్నవాళ్లు కూడా అలాంటివాళ్లే, వాళ్లకి దొరకనిది అతను తీసుకున్నాడు. అక్కడ గీత దాటింది.

ఈ గీత రావడానికి చాలా కాలం పట్టింది. 1913లో ఎజెన్ క్రిస్టోఫ్ టూర్మలే కనుమ దిగుతుండగా ఫోర్కు విరిగింది. అప్పటి రూలు ప్రకారం రైడరు తన సైకిలు తనే బాగుచేసుకోవాలి, ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్ల పైనే నడిచి సాంత్ మరీ ద కంపాన్ ఊరి కొలిమి దగ్గరికి చేరాడు. ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, ఫోర్కుని తనే అతికాడు. రెండు చేతులూ పనిలో ఉంటే కొలిమితిత్తి ఎవరు ఊదుతారు? అక్కడున్న ఒక కుర్రవాడు ఊదాడు. పక్కనే నిలబడి చూస్తున్న అధికారులు దానికి పది నిమిషాలు శిక్ష వేశారు, తర్వాత తగ్గించారు. అప్పటికే గంటలకొద్దీ పోయాయి. రేసు గెలవగలిగిన మనిషి అతను.

1934లో సాయం అందే దారి ఇంకొకటి కనపడింది. ఇరవయ్యేళ్ల రెనె వియెటో తన నాయకుడు ఆంటొనాఁ మాఞ్‌కి ఒకరోజు ముందు చక్రం ఇచ్చేశాడు. మర్నాడు కొండ దిగినవాడు మళ్లీ వెనక్కి ఎక్కివెళ్లి తన సైకిలే ఇచ్చేశాడు. మాఞ్ ఆ టూర్ గెలిచాడు. 2010లో ఆండీ ష్లెక్‌కి పోర్ ద బలేస్ కొండ మీద చైను ఊడినప్పుడు ఇచ్చేవాళ్లెవరూ పక్కన లేరు. తనే వేలితో ఎక్కించుకున్నాడు. ఆ రోజు అతని ప్రత్యర్థి ఆల్బెర్టో కాంటడోర్‌కి దక్కింది 39 సెకన్లు. పారిస్‌లో టూర్ ముగిసేసరికి ఇద్దరి మధ్య తేడా సరిగ్గా 39 సెకన్లే. తర్వాత డోపింగ్ కేసులో కాంటడోర్ గెలుపు రద్దై టైటిల్ ష్లెక్‌కి వచ్చింది.

అలసినవాడి విషయంలో మాత్రం అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు. కొండ మొదలై గుంపు ముక్కలవుతున్నప్పుడు కమిసేరు కార్లన్నిటినీ ఒక చోట ఆపేస్తాడు. దాన్ని బారాజ్ అంటారు, అడ్డుకట్ట. జారిపోతున్న రైడర్లు కార్ల నీడ పట్టుకుని మళ్లీ గుంపులో కలవకుండా. వాళ్లు బాగా వెనకబడ్డారని నిర్ధారించుకున్నాకే కార్లని వదులుతాడు. అప్పుడు అవి ఒక్కొక్కటే ఆ రైడర్లని దాటి ముందుకి వెళ్లిపోతాయి. తన సొంత జట్టు కారు కూడా దాటిపోతుంది. ఒక్క క్షణం పక్కన నెమ్మదిస్తుంది, కిటికీ అద్దం దిగుతుంది. డైరెక్టరు ఒక మాట చెప్పి, సీసా అందించి, వెంటనే వదిలేస్తాడు.